గాల్లో మీసం మొలిచిన వీడియో గురించి నా ఆఖరి మాట

ఈ పత్రం రాస్తున్నది నేను. ఒకప్పుడు సినిమాల్లో హీరోలకు బదులు మేడల మీంచి దూకిన డూపును, ఆ తర్వాత పాతికేళ్ళు స్కూలు బస్సు నడిపిన డ్రైవరును, ఇప్పుడు ఇంట్లో కూర్చుని "విగ్గూడింది" అనే చానెల్లో పాత సినిమా ముక్కల మీద హాస్యపు కబుర్లు చెబుతున్న ముసలివాణ్ణి. వయసు డెబ్భై ఒకటి. వచ్చే సోమవారం నా వెన్నుపూసకు ఆపరేషను. లేచి నడుస్తానో లేదో, అసలు లేస్తానో లేదో డాక్టరు చెప్పలేదు. చెప్పకపోవడంలోనే నాకు అర్థమైంది.

ఇలాంటి కాగితాల్లో బుద్ధి స్థిరంగా ఉందని ఒక ముక్క రాసేసి ముందుకు పోతారు. నాకు ఆ వీలు లేదు. నా భార్యకు స్వయానా అన్న, ఒకప్పటి ఫైట్ మాస్టరు (ఇకమీదట ఈ పత్రంలో "మాస్టరు"), నాకు మతి చలించిందనీ, చిన్నప్పటినుంచీ తలకు తిన్న దెబ్బలు ఇప్పుడు పనిచేస్తున్నాయనీ బంధువులందరికీ ఫోన్లు చేసి మరీ చెబుతున్నాడు. నా ఫోను లాక్కోమని నా కొడుక్కి సలహా ఇచ్చాడు. అందుకని నేనే నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. పెట్టాను. ఆవిడ ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతపరిచాను. నా ఇష్టపూర్తిగా, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా ఇది రాస్తున్నాను. ఒత్తిడి మాత్రం చాలానే ఉంది.

1. మేముంటున్న ఇల్లు నా తదనంతరం నా భార్యకు చెందాలి. ఆమె బతికున్నన్నాళ్ళూ దాన్ని అమ్మే అధికారం గానీ, వంటగది మార్చే అధికారం గానీ ఎవరికీ లేదు. ఆమె తర్వాత నా కొడుకుకు, కోడలికి సమానంగా.

2. పెద్ద గదిలోని చెక్క బీరువా, అందులో ఉన్న బొంతలు, మైకు, స్టూలు, వాటితో పాటు "విగ్గూడింది" చానెలు మొత్తం నా కోడలికి. ఈ పత్రాన్ని అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. కొడుకుండగా కోడలికేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. మూడో, నాలుగో అంశాలు చదివాక అడగండి.

బీరువా ఎందుకో తెలియనివాళ్ళకు: బొంతల మధ్య మాట్లాడితే గొంతు సినిమా హాల్లో వినిపించినట్టు నిండుగా వస్తుంది. నేను స్టూలేసుకుని లోపల కూర్చుంటాను, కోడలు తలుపు సందులోంచి ఫోనులో బొమ్మ చూపిస్తుంది. బస్సు ఉద్యోగంలోంచి దిగిపోయి, ఏం తోచక, టీవీలో పాత సినిమాలొస్తుంటే నేను తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. "మామయ్యా, ఈ తిట్లు ఊరికే పోతున్నాయి" అంది కోడలు. చానెలు మొదలైంది అలాగే. హీరో గుర్రం దిగగానే గుర్రం రంగు మారడం, చనిపోయిన తండ్రి దండలోంచి ఊపిరి తీసుకోవడం, ఇలాంటివి ఆమె పట్టుకుంటుంది, నేను కబుర్లు అల్లుతాను. పగలంతా మందుల షాపులో నిలబడి వచ్చి, సాయంత్రం ఇంత నవ్వు ఎక్కణ్ణుంచి తీస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. పై వాటా వాళ్ళ కుక్కరు మాత్రం సరిగ్గా నేను నోరు తెరిచినప్పుడే కూస్తుంది. వాళ్ళకు నేనేమీ రాసివ్వడం లేదు.

3. ఇప్పుడు గొడవకు మూలమైన వీడియో గురించి.

నా తమ్ముడూ నేనూ ఇద్దరం డూపులమే. మమ్మల్ని ఆ పనిలోకి తెచ్చింది మాస్టరు. దూకడం, దొర్లడం, దెబ్బ తగలకుండా తగిలినట్టు పడటం, అన్నీ ఆయనే నేర్పాడు. తమ్ముడు నాకంటే బాగా దూకేవాడు. పెళ్ళయిన రెండో ఏడు, కడుతున్న భవనం మూడో అంతస్తు మీంచి దూకే సీనులో చనిపోయాడు. నేను ఆ రోజు జబ్బ ఎముక విరిగి ఇంట్లో ఉన్నాను. తాగి వచ్చాడనీ, ఈల వేయకముందే దూకేశాడనీ, కింద దెబ్బ తగలకుండా అట్టపెట్టెలు పేర్చేలోపే పడిపోయాడనీ మాస్టరు చెప్పాడు. పోలీసులకూ అదే చెప్పాడు. కంపెనీ అదే రాసుకుంది. మేమందరం అదే నమ్మాం. నమ్మనిది ఒక్కతే, తమ్ముడి భార్య, నా మరదలు. "ఆయన దగ్గుమందు వాసనకే కక్కుకునేవాడు" అనేది. ఎవరూ వినలేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి బతికింది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో "తాగి చచ్చినవాడి పెళ్ళాం" అనే మాట మోసింది.

ఆ సినిమా వారం ఆడి వెళ్ళిపోయింది. నేను చూడలేదు. ఎవరో పాత క్యాసెట్టులోంచి తీసి ఈమధ్య నెట్‌లో పెట్టారు. అది నా కోడలి కంటపడింది. దూకే మనిషి నడుమూ, దొడ్డికాళ్ళూ చూసి నేనే అనుకుంది. నా పుట్టినరోజుకని, నాకు తెలియకుండా, తన గొంతుతోనే వీడియో చేసి చానెల్లో పెట్టింది.

నిజంగా బాగా చేసింది. గోడ ఎక్కేటప్పుడు హీరోకు మీసం ఉండదు. గడ్డిబండిలోంచి లేచేసరికి ఉంటుంది. "చూశారా, గాల్లో ఉండగానే మొలిచేసింది, ఏ ఎరువు వాడాడో!" అంటుంది కోడలు. మీసం ఎక్కడ మొలిచిందో చూపించడానికి ఆ దూకుడును బాగా నెమ్మది చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పింది. అందరి మధ్యా కూర్చుని నేనూ పగలబడి నవ్వాను. రెండోసారి తిప్పినప్పుడు గోడ మీది మనిషి ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాక్కున్నాడు. దూకే ముందు అలా చేసేది లోకంలో ఒక్కడే.

నా నవ్వు నోట్లోనే ఉండిపోయింది. "ఏమైంది మామయ్యా?" అని కోడలు అడుగుతూనే ఉంది. మూడోసారి నేను తమ్ముణ్ణి చూడలేదు, చుట్టూ చూశాను. బొమ్మ కింది అంచులో నేల ఉంది. ఖాళీ నేల. ఎడమవైపు ఇద్దరు మనుషులు అట్టపెట్టెలు మోసుకొస్తున్నారు, ఇంకా చాలా దూరంలో ఉన్నారు. కుడివైపు మూల మాస్టరు. నోట్లో ఈల, ఎత్తిన చెయ్యి. ఈల ఊదుతూ ఆ చెయ్యి దించితేనే మేం దూకేది. ఆ చెయ్యి దిగింది. దిగిన తర్వాతే తమ్ముడి కాళ్ళు గోడను వదిలాయి.

అప్పటికే ఆ వీడియో లక్షలమంది చూశారు. నా భార్యా నేనూ మరదలికి చెప్పడానికి వెళ్ళాం. పక్కింటి అమ్మాయి ఫోనులో ఆమె ముందే చూసేసింది. ఏడవలేదు. "బావగారూ, ముందు చెయ్యి దిగిందా, ముందు ఆయన దూకాడా? అది ఒక్కటి నాకు సరిగ్గా చూపించండి" అంది. చూపించాను. మళ్ళీ అంది. మళ్ళీ చూపించాను. "సరే" అని లోపలికెళ్ళి బట్టలు మడత పెట్టుకుంది. ఎదురు గదిలో మేమిద్దరం కూర్చునే ఉన్నాం, ఆమె మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

ఆ వారంలోనే మాస్టరు మా ఇంటికొచ్చాడు. వీడియో తీసేయమన్నాడు. కోడలు ఫోను ఆయన ముందు పెట్టి నెమ్మదిగా తిప్పింది. చూశాడు. "ఆ రోజుల్లో కెమెరా స్పీడు వేరు, ఏది ముందో ఏది వెనకో చెప్పలేం" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "నీకు తలకు దెబ్బలు ఎక్కువ తగిలాయి బావా" అన్నాడు. నా భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టి నిలబడింది. "అన్నయ్యా, నీకు కాఫీ పెట్టనా వద్దా అని ఆలోచిస్తున్నాను" అంది. ఆయన నీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచే నాకు మతి పోయింది.

4. పై వీడియో విషయంలో నా ఆజ్ఞ. దాన్ని తీసేసే హక్కు, కత్తిరించే హక్కు, ఉంచే హక్కు, మూడూ నా మరదలివి. ఆమెకు తప్ప నా కొడుకుకు గానీ, కోడలికి గానీ, నా భార్యకు గానీ, మాస్టరుకు గానీ, ఆయన పంపించే మనుషులకు గానీ ఆ హక్కు లేదు. కోడలు నాలుగు చోట్ల దాని కాపీలు దాచింది. ఎక్కడెక్కడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇది ఇంత కచ్చితంగా రాయడానికి కారణం ఉంది. కిందటి ఆదివారం మధ్యాహ్నం మేం ఆసుపత్రిలో ఉండగా నా కొడుకు ఆ వీడియో తీసేశాడు. కోడలు వచ్చీ రాగానే మళ్ళీ పెట్టింది. అప్పటినుంచి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదు. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా నన్ను అడుగుతున్నారు.

వీడియోలో జోకులు తీసేసి ఉత్త బొమ్మ ఉంచుదామని నేను మరదల్ని అడిగాను. "మీసం జోకు ఉండనివ్వండి. కాకపోతే చప్పగా ఉంది, ఆయనైతే ఇంకా బాగా చెప్పేవాడు" అంది. ఆ మాట విని కోడలు ఏడ్చింది, ఇన్నాళ్ళలో మొదటిసారి. కాబట్టి జోకు ఉంటుంది. దాని వెంటనే, నవ్వు లేకుండా, ఏం జరిగిందో నేను చెప్పిన రెండో వీడియో ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉండాలి.

5. నా కొడుకుకు, బస్సు దిగిపోయిన రోజు స్కూలు పిల్లలు నాకిచ్చిన గోడగడియారం. నాన్నా, నీకు ఈత నేర్పింది మీ మేనమామే. సైకిలెక్కించి వీధి చివరిదాకా వెనక పరిగెత్తింది కూడా ఆయనే. నేను బస్సులో ఉండేవాణ్ణి. ఆయన్ని ప్రేమించడం మానేయమని నేను చెప్పను, చెప్పినా నువ్వు మానలేవు. కానీ మీ బాబాయిని నువ్వు చూడలేదు. ఆయనకు నువ్వు చేయగలిగింది ఒక్కటే, ఆ వీడియో జోలికి పోకుండా ఉండటం. ఇక మీ ఆవిడతో మాట్లాడు. మీ ఇద్దరికీ ఉప్పు అందించడం నా వల్ల కావడం లేదు.

6. మొదటి సినిమాకు మాస్టరు నాకిచ్చిన తోలు మోకాలి పట్టీలు మాస్టరుకే తిరిగి ఇచ్చేయాలి. పోస్టులో పంపకూడదు, ఎవరైనా చేత్తో ఇచ్చి రావాలి. ఆయన్ని క్షమించానని గానీ, క్షమించలేదని గానీ నేనిందులో రాయను. అది నా ఆస్తి కాదు.

7. నా భార్యకు, ఇల్లు కాకుండా, నేను మాట రూపంలో ఇచ్చేది: నీ అన్న మీద కోపం తెచ్చుకున్నందుకు నాతో పాటు నువ్వూ నిద్రపోవడం లేదని నాకు తెలుసు. ఆయన్ని మళ్ళీ ఇంటికి పిలవాలనిపిస్తే పిలువు. నా ఫొటో వైపు చూసి సంకోచించకు. కాఫీ సంగతి నీ ఇష్టం.

8. బీరువాలోని స్టూలు కోడలికని రెండో అంశంలో రాశాను, కానీ దాని మీద కూర్చునే చోటు నా మరదలిది. కోడలు ఇప్పటికే ఆమెను ఒకసారి కూర్చోబెట్టి గయ్యాళి అత్త సీను చెప్పించింది. లాండ్రీలో సూపర్‌వైజరు ఎలా అరిచేదో అలాగే అరిచిందట. బొంతలున్నా వీధిలోకి వినపడింది. నేను తిరిగి రాకపోతే చానెలు ఆపొద్దు.

9. ఈ అంశం నిన్న సాయంత్రం వరకు లేదు. నా మరదలు స్వయంగా వచ్చి రాయమంటే చేరుస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మాస్టరు ఒక్కడే ఆమె ఇంటికి వెళ్ళాడు. కర్ర పట్టుకుని రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడుతున్నాడట. ఆమె తలుపు తీసింది. కూర్చోమనలేదు. ఆయన క్షమించమని మొదలుపెట్టబోతే ఆపేసింది.

"అదంతా తర్వాత. దూకేముందు ఆయన మీతో ఏమన్నాడు?"

మాస్టరు నీళ్ళు అడిగాడట. ఇచ్చిందట. అప్పుడు చెప్పాడు.

"వెలుగు పోతోందని డైరెక్టరు అరుస్తున్నాడమ్మా. పైనుంచి మీ ఆయన, 'గురువుగారూ, పెట్టెలు పేర్చేశారా?' అని అడిగాడు. వాడున్నచోటికి కింద నేల కనపడదు, కింది అంతస్తు సజ్జా అడ్డం. పేర్చేశాం, దూకు అన్నాను. వాడు దూకేలోపు వచ్చేస్తాయనుకున్నాను."

నా మరదలు ఇది నాకు నిలబడే చెప్పింది. చెప్పి, "ఆయన అడిగాడు బావగారూ. అడిగే దూకాడు. తాగినవాడు అడగడు. ఇది మీ కాగితంలో రాయండి" అంది. మాస్టరును ఆమె ఏమందో, ఏమనలేదో నేను అడగలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం రెయిలింగు లేనివైపు తను నడిచి, ఆయన్ని గోడవైపు నడిపించి, కిందిదాకా దింపి వచ్చిందట.

ఆమె చెప్పినట్టే రాశాను. పైన రాసినదంతా చదివించుకుని విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను. ఇంతకుముందు నేను ఏదైనా రాసి ఉంటే అది చెల్లదు.

తేదీ: 11 జూలై 2025, శుక్రవారం, ఉదయం.

సంతకం: (వీలునామా రాసినవారు. కుడి మణికట్టు పనిచేయనందున పత్రం చెప్పి రాయించి, సంతకం ఎడమ చేత్తో చేశారు.)

సాక్షులు, ఈ పత్రంలో ఏ లబ్ధీ లేనివారు:

ఒకటి, కోడలు పనిచేసే మందుల షాపు యజమానురాలు. (సంతకం)

రెండు, పై వాటా కుక్కరు ఇంటాయన. (సంతకం)