ఆగని స్ట్రైకర్

జూన్ 9, సోమవారం

రేపే డెమో క్లాసు. ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్ పోస్టు ఒక్కటే. దానికి నేనూ, మంచిర్యాల నుంచి వచ్చే ఇంకొకాయనా. పోయిన ఏడాదంతా పాఠం చెప్పిన కాలేజీలోనే మళ్లీ నాకు పరీక్ష… ఒళ్లు మండుతోంది.

పాఠం: స్థితిస్థాపక అభిఘాతాలు, అంటే శక్తి పోకుండా ఢీకొనడాలు. పాత క్యారం బోర్డు దులిపాను. మా ఇంట్లో స్ట్రైకర్ ఎప్పుడో పోయింది, చిన్నప్పటి నుంచీ నల్ల కాయిన్‌తోనే కొడతాం. సూటిగా కొట్టాను. కొట్టిన కాయిన్ టక్కున ఆగింది, తగిలినది పరుగెత్తింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. "గిప్పుడు గీ ఆటేంది బిడ్డా, అన్నం తిను" — అవ్వ.

జూన్ 10, మంగళవారం

పరువు పోయింది.

కాలేజీ బోర్డు, కొత్త స్ట్రైకర్. "ఇది ఆగిపోతుంది, చూడండి" అన్నాను గట్టిగా. ఆగలేదు. కాయిన్ వెనకే తానూ పోయింది. ఇంకోసారి — మళ్లీ పోయింది. ముందు బెంచీ శ్రావణి: "ఆగుతలేదు మేడం!" క్లాసంతా నవ్వు. ప్రిన్సిపాల్ సార్ నవ్వలేదు. అదే భయం.

బయటికొచ్చాక ఆయన… "గురువారం ఇంకొక్కసారి చెప్పమ్మా. గంతకంటె నా చేతుల లేదు."

జూన్ 11, బుధవారం

నిన్న కాలేజీ నుంచి ఇంటికొస్తుంటే, బస్సు సుల్తానాబాద్ దాటుతుండగా వెలిగింది. బరువు! రెండూ సమానమైతేనే కొట్టింది ఆగుతుంది, వేగమంతా రెండోదానికి అప్పజెప్పి. స్ట్రైకరేమో మూడు కాయిన్ల బరువు. కొంత తనకే మిగుల్చుకుంటుంది. మా ఇంటి ఆటే నన్ను ముంచింది.

"పోతె పోనియ్యి, ఇంకో కాలేజీ లేదా?" అంటుంది అవ్వ. ఉంటుందేమో. నాకు ఇదే కావాలి, ఈ పిల్లలే కావాలి.

జూన్ 12, గురువారం

ఓడిన చోటు నుంచే మొదలుపెట్టాను. కాయిన్‌తో కాయిన్ — ఆగింది. స్ట్రైకర్‌తో కాయిన్ — ఆగలేదు, ఎందుకో చెప్పాను. తర్వాత కాయిన్‌తో స్ట్రైకర్‌ను కొట్టాను. కాయిన్ సగం వేగంతో వెనక్కొచ్చింది.

నల్లబల్ల మీద ద్రవ్యవేగం లెక్క, బరువును వేగంతో గుణించి. కాయిన్ బరువు ఒకటి, వేగం రెండు: తెచ్చింది రెండు. స్ట్రైకర్ బరువు మూడు, వేగం ఒకటి: దక్కింది మూడు. ఢీకొనక ముందెంతో తర్వాతా మొత్తం అంతే, అన్నాను.

శ్రావణి లేచింది. "రెండు తెచ్చిన కాయిన్ మూడు ఎట్ల ఇచ్చింది మేడం?"

"వెనక్కొచ్చే కాయిన్‌కు కూడా ద్రవ్యవేగం…" అంటున్నాను — గంట. ప్రిన్సిపాల్ సార్ లేచారు. "ఎవరన్నది రేపు ఫోన్ చేసి చెప్తం."

వాక్యం సగంలోనే తెగింది. ఆ ఒక్క వాక్యానికి ఉద్యోగం పోతుందా…

జూన్ 13, శుక్రవారం

ఇంట్లో ఉండలేక పెద్దపల్లి పోయాను. కాలేజీ గేటు దాకా వెళ్లి, లోపలికి అడుగు పడక, బస్టాండులో కూర్చున్నా.

శ్రావణి చూసి పరుగెత్తుకొచ్చింది. "మేడం, ఎనక్కొచ్చినదానికి మైనస్ పెట్టిన. మూడుల ఒకటి తీస్తె రెండే. గంతేనా?"

గంతే! కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సోమారం పాఠం గీడికెల్లే చెప్తరా మేడం?"

ఊఁ అన్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఇంకా మోగలేదు.