రాజు వేషంలో సగం

1946 ఫిబ్రవరి 16
కబురొచ్చింది. శివరాత్రికి బెజవాడలో నాటకం. రాజు వేషం నాదే. సంతోషంలో రాత కోడి కెలికినట్టు పడుతోంది. ఎవరి మాటా వినక రాజ్యమూ ప్రాణమూ పోగొట్టుకునే రాజు. సీత వంకాయలు తరుగుతూ, "ఒక్కసారి తగ్గుంటే బతికిపోయేవాడు కదండీ," అంది. తగ్గితే రాజెలా అవుతాడు?

ఫిబ్రవరి 20
సగమేనట. యుద్ధం దాకా రాజు నేను, ఆ తర్వాత గుడివాడ దావీదు మాస్టారు. ఇద్దరు రాజులుంటే టిక్కెట్లు తెగుతాయని కంట్రాక్టరు. ఒకే వేషం ఇద్దరేసి కట్టడం మామూలే, నాకు తెలియంది కాదు. కానీ చర్చిలో కీర్తనలు పాడుకునే ఆయన తల మీద నా కిరీటమా...

ఫిబ్రవరి 25
ఉపాయం తట్టింది. నవ్వాగడం లేదు. వన్స్‌మోర్ అన్నప్పుడల్లా పాడతాను. అనకపోతే అనిపిస్తాను. తెల్లారేదాకా నా సగం తెమలదు. రెండో రాజు రంగు పూసుకుని తెర వెనకే కూర్చుంటాడు.

మార్చి 2
ఏం జనం, ఏం ఈలలు. ప్రతి పద్యానికీ వన్స్‌మోర్. హార్మోనియం సుబ్బయ్య గొణిగాడు — "శ్రుతి కాస్త దించుదామండీ, గొంతు జీరపోతంది." పెంచమన్నాను. యుద్ధానికి బయల్దేరే పద్యం పైస్థాయిలో నిలబెట్టానా, జనం లేచి నిలబడ్డారు. మళ్ళీ అన్నారు. మళ్ళీ ఎత్తుకున్నాను.
సగంలో గొంతు తెగింది. గాలి ఒక్కటే వచ్చింది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. అంతలో తెర వెనకనుంచి మిగతా పద్యం దావీదు అందుకున్నాడు. చప్పట్లు మోగాయి. అవి నాకో ఆయనకో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

మార్చి 4
నెల దాకా పెదవి కదపొద్దన్నారు డాక్టరు గారు. మజ్జిగ కావాలన్నా పలక మీద రాసి చూపించాలి.

మార్చి 8
దావీదు వచ్చాడు. తేనె సీసా తెచ్చాడు. "చల్లపల్లిలో మన తర్వాతి నాటకం వెనక్కి జరపమంటానండీ, అన్నగారూ. మొదటి రాజు మీరే. మీ తర్వాతే నేను." వెటకారం లేదు. అదే ఓర్చుకోలేకపోయాను. రాశాను — జరపనక్కర్లేదు, రెండు సగాలూ నేనే. ఆయన చదివి, పలక బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.
గొంతు బాగైందని కంట్రాక్టరుకి కబురు పంపేశాను.

మార్చి 14
చల్లపల్లి రేపే. మొత్తం రాజు నేనే. కాళ్ళు నేల మీద నిలవడం లేదు. కిరీటానికి కొత్త తళుకులు అంటించాను. సీత ఒక్కటే అడిగింది — "ఒక్కసారి పాడి చూసుకుని వెళ్ళండి." సరే, ఇందాక పెరట్లో నిలబడి యుద్ధం పద్యం మొదట్నుంచి చివరిదాకా పాడాను. చెయ్యెత్తి, పైస్థాయి నిలబెట్టి.
వంటింట్లోంచి సీత —
"ఇంకా మొదలెట్టరేంటండీ?"
బస్సు పొద్దున్నే.