ఆళ్లగడ్డ నుంచి రావాల్సిన బొమ్మ

నంద్యాల,
ఆగస్టు 2006.

బావకు, మల్లీశ్వరి నమస్కారాలు. ఈ పూటకి ఇక్కడ అందరం కుదురుగానే ఉన్నాం. సరిహద్దులో నువ్వూ అట్లే ఉండాలి. ఈ ఉత్తరం మొదలుపెట్టి ఇప్పటికే ఒకసారి చించేసి, మళ్లీ రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు రెండు రకాలు తెచ్చారు కదా, తేడా ఏమిటని అడిగావు. కంప్యూటర్ పంపే బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది. మొదటి స్విచ్ ముక్క మీద చిరునామా కనపడగానే, మిగతాది రాకముందే ముందుకు తోసేస్తుంది. అందుకే దానికి వేగం. రెండోది ముక్క మొత్తం వచ్చేదాకా ఆగుతుంది. చెడిపోయి ఉంటే పడేస్తుంది, బాగుంటేనే పంపుతుంది. కాస్త ఆలస్యం. ఏది కొనాలో తేల్చే పని నాది. అమ్మడానికి వచ్చిన చెన్నకేశవులు వేగమైనదే కొనమని పట్టుబట్టాడు.

పోయిన సోమవారం అదే పెట్టి చూస్తున్నాం. ఆళ్లగడ్డలోని మా చిన్నాసుపత్రి నుంచి ఒక వెన్నెముక ఎక్స్‌రే రావాలి. ఎవరో ట్రాక్టర్ మీద నుంచి పడ్డారన్నారు. తాను బొమ్మ చూసేదాకా మనిషిని కదిలించొద్దని ఇక్కడి మా డాక్టర్ సురేంద్ర వాళ్లకు ఫోన్‌లో చెప్పారు. బొమ్మ సగంలో ఆగిపోయింది. ఇక్కడి ఎక్స్‌రే గది పాత కేబుల్ నుంచి చెడిపోయిన ముక్కలు వస్తుంటే, స్విచ్ వాటిని కూడా డాక్టరు కంప్యూటర్‌కే తోసి దారంతా నింపేస్తోంది.

“యాడమ్మా బొమ్మ? ఆ మనిషికి కాళ్లు తిమ్మిరెక్కుతాండాయంట!” అని డాక్టరు అరిచారు.

నేను వైర్లు పీకబోతే చెన్నకేశవులు అడ్డం వచ్చాడు. “తీయొద్దమ్మా, దీనంత వేగం ఇంకోటి లేదు.”

“చెడిపోయినవి బేగా పంపితే ఏందప్పా లాభం? జరుగు!”

రెండో స్విచ్ పెట్టాను. చెడ్డ ముక్కలు అక్కడే ఆగిపోయాయి. బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా నిండింది. వెన్నుపూస చిట్లింది. బొమ్మ మూలన ఉన్న పేరు చదివాను. మద్దిలేటి.

అవును బావా, మీ నాయనే. మామ ఇంకా చేనికి పోతున్నాడా అని అడిగావు. దానికి జవాబు ఇది. చెక్క మీద కట్టి, కదలకుండా నంద్యాలకు తెచ్చారు. ఆపరేషన్ అయింది. లేచి నడుస్తాడా అంటే డాక్టరు ఇంకా ఏమీ చెప్పడం లేదు. కూర్చుంటే లేస్తాను, లేస్తే తిరుగుతాను, ఒకచోట నిలవలేకపోతున్నాను.

“వానికి రాయొద్దు. ఆడ తుపాకి పట్టుకోని నిలబడినోనికి ఈడి దిగులెందుకు?” అన్నాడు మామ. సరేనన్నాను కానీ, నీకు చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు.

ఈ పొద్దున స్పర్శ తెలుస్తోందా అని డాక్టరు అరికాలు గీరితే, “గిలి పెట్టొద్దప్పా!” అని మామ కసిరాడు. డాక్టరు నవ్వారు. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

సెలవు అడుగు బావా. ఆయన్ను లేపి నిలబెట్టే రోజున ఒక పక్క నేను పట్టుకుంటాను. రెండో పక్కకి నువ్వు కావాలి.

ఇట్లు,
మామ మంచం పక్కనుంచి,
నీ భార్య మల్లి.