గున్‌వోర్ హోటల్లో వేడి ఎటు పోతోంది?

నవంబర్ 3, సోమవారం

మధ్యాహ్నం ఫెర్రీలో నెస్‌వీక్ చేరాను. నాలుగింటికే చీకటి పడింది. హోటల్ యజమానురాలు గున్‌వోర్ తోపుడు బండితో రేవుకు వచ్చింది. నా పరికరాల పెట్టెలు చూసి, ఇంత సామానెందుకు తల్లీ, మా వేడిని కొలుస్తావా, మూటగట్టుకు పోతావా అంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. బండి మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

పని స్పష్టంగానే ఉంది. పదకొండు గదుల ఈ హోటల్‌కు పన్నెండేళ్లుగా పర్యావరణ ముద్ర ఉంది. ఈ ఏడాది ఆ ముద్ర ఇచ్చే మండలి నియమం బిగించింది. ఒక అతిథికి రోజుకు ఇరవై రెండు యూనిట్ల కరెంటు దాటకూడదు. ఇక్కడ ముప్పై ఒకటి అవుతోంది. కారణం కనిపెట్టి, సరిచేయగలిగితే చేయించి, పదిహేడో తేదీకల్లా నేను రిపోర్ట్ పంపాలి. ముద్ర పోతే వేసవిలో ఈ గదులు నింపే నడక సంఘం రాదు. ముద్ర లేని చోట వాళ్లు దిగరు. అదే జరిగితే వసంతంలో తలుపులు మూసేస్తానని గున్‌వోర్ చెప్పింది, రేపు వాన పడుతుందని చెప్పినంత మామూలుగా.

నాది మూడో నంబరు గది. భోంచేసి వచ్చేసరికి పక్క సర్ది ఉంది, కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. నీళ్ల వాసన. ఇలాంటి గదిలోనే నాకు నిద్ర పడుతుంది.

నవంబర్ 4, మంగళవారం

నేలమాళిగ నుంచి మొదలుపెట్టాను. హోటల్ ముందే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫియోర్డ్. ముప్పై మీటర్ల లోతున దాని నీళ్లు చలికాలంలోనూ ఎనిమిది డిగ్రీలుంటాయి. ఆ వేడిని పంపు లాగి గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. పంపు బాగోగులు చూసేది గున్‌వోర్ తమ్ముడు షూర్. యంత్రం దగ్గర గొంతు తగ్గించి మాట్లాడతాడు. దానికి కొత్తవాళ్లంటే బెదురు, నిదానంగా తెరువు అన్నాడు. తెరిచాను. లోపం లేదు.

అటక మీద గొర్రెబొచ్చు రెండు జానల మందాన పరిచి ఉంది. అతని సొంత గొర్రెలవే. వేడి ఎక్కడ కారుతోందో చూపించే కెమెరా బయటికి తీయగానే, ఏం, మా గొర్రెల మీద కూడా అనుమానమేనా అన్నాడు. గొర్రెలు నిర్దోషులని రాసి ఇచ్చాను. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు.

పైపులకు చుట్టిన గుడ్డ సరిగ్గా ఉంది. తలుపుల సందులు బిగుతుగా ఉన్నాయి. వంటింట్లో నిన్నటి రొట్టె ఇవాళ్టి సూప్‌లోకి వెళుతుంది, సూప్ అడుగు కోళ్లకు వెళుతుంది. ఈ ఇంట్లో వృథాగా పోయేది ఏదీ లేదు. అయినా తొమ్మిది యూనిట్లు ఎక్కడికో పోతున్నాయి.

నవంబర్ 5, బుధవారం

ప్రతి గదిలో రేడియేటర్‌కు ఒక మీటర్ బిగించాను. నా గదిలోనూ ఒకటి. మిగిలిన గదులు పది. తొమ్మిదింట్లో పాత ఫెర్రీ సిబ్బంది ఉన్నారు, అందరూ రిటైరైన వాళ్లే. ఏటా నవంబర్‌లో రెండు వారాలు ఇక్కడ దిగి, పడవల కొట్టంలో ఒక పాత చెక్క పడవను బాగుచేస్తారు. వాళ్ల కెప్టెన్ ఆర్న్‌ఫిన్, ఎనభై ఒకటి. ఆ పడవ ఎప్పటికి నీళ్లలో దిగుతుందని అడిగాను. తొందరేముందమ్మా, అది దిగితే మేం ఇంటికి పోవాలి కదా అన్నాడు.

ఏడో గదిలో లిస్బన్ దంపతులున్నారు. భార్య పేరు గ్రాసా. ఉదయం గంజి తాగడానికి ఇద్దరూ కోట్లు వేసుకునే కూర్చుంటారు.

నవంబర్ 7, శుక్రవారం

రెండు రోజుల లెక్కలు వచ్చాయి. పది గదులు ఒక్క తీరుగా ఉన్నాయి. సాయంత్రం ఆరున్నరకు ఖర్చు ఒక్కసారి ఎగబాకి తెల్లవారేదాకా దిగదు. ఏడో గదిలో మాత్రం మిగతావాటిలో మూడో వంతు.

ఏడో గది మీటర్ పాడైంది. మార్చాను. పాడైన పరికరాన్ని రెండు రోజుల్లో పట్టుకున్నందుకు కొంచెం సంతోషించానని కూడా ఇక్కడ రాసుకోవాలి.

నవంబర్ 8, శనివారం

కొత్త మీటర్ కూడా అదే చెప్పింది. నా గది మీటర్ తీసి అక్కడ పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక చూస్తే అదీ అదే చెప్పింది, తీసి మళ్లీ నా గదిలో బిగించాను. మూడు మీటర్లు కూడబలుక్కుని అబద్ధమాడవు.

గ్రాసాను అడిగి గదిలోకి వెళ్లాను. రేడియేటర్ చూస్తుంటే ఆవిడ చేతులు నలుపుకుంటూ, మమ్మల్ని క్షమించండి, మేమే మూసేస్తున్నాం అంది. ఏమిటి మూసేస్తున్నారు అన్నాను. కిటికీనండీ, రోజూ భోంచేసి వచ్చేసరికి ఎవరో తెరిచి పెడుతున్నారు, మేం గడగడా వణుకుతూ మూసుకుంటున్నాం, పాపం ఆ పెద్దావిడే మరిచిపోతోందేమో, చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాం అంది.

ఇరవై ఆరేళ్లుగా నా వృత్తి ఇదే. గోడలు కొలిచాను, కప్పు కొలిచాను, తాళం రంధ్రాల్లో గాలి కూడా కొలిచాను. పడుకునే గదిలో కిటికీ తెరిచి ఉండటం నాకు ఒక విషయంగానే కనబడలేదు. మా అమ్మ తెరిచేది. నేను తెరుస్తాను. జబ్బు చేస్తే ఇంకో బెత్తెడు తెరుస్తాం.

తప్పు గది వేడిని బట్టి రేడియేటర్‌ను పెంచి తగ్గించే నాబ్‌లో ఉంది. అది కిటికీకి సరిగ్గా కింద ఉంటుంది. చల్లగాలి మీద పడగానే గది గడ్డకడుతోందనుకుని పూర్తిగా తెరుచుకుంటుంది. తెల్లవార్లూ మరిగిపోతుంది. ఆ వేడంతా కిటికీలోంచి బయటికి నడిచిపోతుంది.

పాడైంది ఏడో గది కాదు. బాగున్నది అదొక్కటే.

నవంబర్ 9, ఆదివారం

సాయంత్రం అతిథులు భోజనాల దగ్గర ఉండగా గున్‌వోర్ వెంట పైకి వెళ్లాను. రోజూ ఆమె చేసే పనే. ఖాళీ గదైనా తలుపు తట్టి లోపలికి వెళుతుంది. దిండు దులుపుతుంది, దుప్పటి అంచు మడుస్తుంది, కిటికీ బెత్తెడు తెరిచి ఒక్క క్షణం అక్కడే నిలబడుతుంది. పదకొండు గదులు. మోకాళ్లు పట్టేసినప్పుడు గోడ పట్టుకుంటుంది.

ఎందుకు నిలబడతారని అడిగాను. ఈ ఇంట్లోనే, ఆ చివరి గదిలో, మా మేనమామలిద్దరూ క్షయతో పోయారు, అప్పట్లో చలి తగలకూడదని కిటికీలకు మేకులు కొట్టారట అంది. ఆ తరువాత గున్‌వోర్ వాళ్లమ్మ ఒకరు పీల్చి వదిలిన గాలిలో ఇంకొకరిని పడుకోనివ్వలేదట. నాకు వంట అంత బాగా రాదమ్మా, మా వంటావిడ నాకంటే నయం, వచ్చినవాళ్లకి నా చేత్తో నేను పెట్టేది ఈ గాలొక్కటే అంది.

చెప్పలేదు.

నవంబర్ 10, సోమవారం

ఉదయం చెప్పాను. ముందు లెక్కలు చూపించాను, తరువాత నాబ్ సంగతి వివరించాను, చివరికి కిటికీ మాట ఎత్తాను. ఏ క్రమంలో చెప్పినా అది మెత్తబడదు.

గున్‌వోర్ చాలాసేపు కాగితం వంక చూసింది. అయితే ఇన్నేళ్లూ మనుషులకి గాలి పెడుతున్నాననుకుని ఫియోర్డ్‌కి వేడి పెట్టానన్నమాట అంది. షూర్ ఏదో తమాషాకి, దాని దగ్గర తీసుకున్నదే కదా అక్కా, తిరిగి ఇచ్చేశావు అన్నాడు. ఆమె నవ్వలేదు. కాగితం మడిచి నాకిచ్చి వంటింట్లోకి వెళ్లింది.

సాయంత్రం ఆమె పైకి వెళ్లలేదు.

నవంబర్ 11, మంగళవారం

గున్‌వోర్ నాతో మాట్లాడలేదు. గంజి మాత్రం అందరికంటే ముందు నాకే పెట్టింది.

అదే రోజు, మధ్యాహ్నం 2 గంటలు

రాత్రి లెక్కలు చూశాను. తేడా లేదు. ఆమె తెరవకపోయేసరికి ఏడో గది వాళ్లు తప్ప అందరూ ఎవరి కిటికీ వాళ్లు తెరుచుకున్నారు. ఏం గున్‌వోర్, మమ్మల్ని సీసాలో పెట్టి మూత బిగిద్దామనుకున్నావా అని కెప్టెన్ ఉదయం అందరి ముందూ అడిగాడు.

మూడో గది లెక్క కూడా అంతే ఉంది. మూడో గది నాది. అన్నీ తెలిసి, నాబ్ ముట్టుకోకుండా, నిద్రమత్తులో చెయ్యి చాచి తెరిచాను.

అంటే కిటికీ మూయించడం పరిష్కారం కాదు. ముందు నాబ్ సున్నాకు తిప్పాలి, తరువాతే కిటికీ తెరవాలి. గది చల్లబడుతుంది, ఈకల దుప్పటి ఉండనే ఉంది. ఉదయం కిటికీ మూసి నాబ్ తిప్పితే చాలు. గాలీ ఉంటుంది, వేడీ నిలుస్తుంది. ఈ మాట వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. గున్‌వోర్ బంగాళదుంపలు చెక్కడం ఆపింది. తెరవొచ్చా అయితే, అని అడిగింది.

తెరవొచ్చన్నాను.

నవంబర్ 12, బుధవారం

నాబ్‌లు ఇత్తడివి, పాతవి, గట్టివి. మధ్యాహ్నం గున్‌వోర్ నాతో పాటు వచ్చి తిప్పి చూసింది. మొదటి గదిలో రెండు చేతులూ పట్టించి తిప్పగలిగింది. రెండో గదిలో కష్టమైంది. నా గదిలో వేళ్లు జారిపోయాయి. కీళ్లు వాచి ఉన్నాయి. చేతులు వెనక్కి పెట్టుకుని, రోజుకి పదకొండు నా వల్ల కాదు తల్లీ అంది.

సాయంత్రం వేళకి వాటంతటవే మూసుకునే నాబ్‌లు తెప్పించాలంటే జనవరి అవుతుంది. నా గడువు సోమవారం. షూర్ తాను తిప్పుతానన్నాడు. గ్రీజు చేతులతో నా పరుపుల దగ్గరికి వచ్చావంటే చూడు అని ఆమె అరిచింది. రెండు రోజుల తరువాత ఆమె మునుపటిలా గొంతెత్తినందుకు అతను సంతోషించాడని నాకనిపించింది.

భోజనాల వేళ షూర్ ఈ సంగతంతా కెప్టెన్ చెవిన వేశాడు. నేను వెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. సూప్ అయ్యాక ఆర్న్‌ఫిన్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. వింటున్నారా, ఇది దుగ్నాద్ అన్నాడు.

ఆ మాట పడ్డాక ఈ తీరంలో ఎవరూ కూర్చుని ఉండలేరు. అందరి పని, అందరూ కలిసి, ఊరికే చేసేది. పిలిచినవాణ్ణి ఎందుకని అడగరు. అయినా అతను చెప్పాడు. గున్‌వోర్ మన కిటికీలు తెరవాలంటే ముందు మన నాబ్‌లు మూసి ఉండాలి, నలభై ఏళ్లు మీ చేత గొలుసులు లాగించాను, ఇత్తడి బిళ్ల తిప్పించలేనా, పదండి పైకి అన్నాడు.

అతని పాత ఇంజన్ మనిషి తుర్‌గైర్, ఎటు తిప్పాలో ముందు మీకు తెలుసా కెప్టెన్, మీరు ఎడమకి తిప్పినప్పుడల్లా మనం ఒడ్డుకి కొట్టుకున్నాం అన్నాడు. ఒక్కసారే కొట్టుకున్నాం, అదీ పొగమంచు తప్పు అని కెప్టెన్ మెట్ల మీద నుంచి అరిచాడు.

పైన బూట్ల చప్పుడు, ఇత్తడి కీచుమనడం, ఎవరో ఎవరినో బలం లేనివాడా అనడం. నేనూ వెళ్లి నాది తిప్పాను. గ్రాసా భర్తను లేపి పైకి తీసుకెళ్లింది. వాళ్ల గదిలో తిప్పాల్సిన అవసరం లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఇద్దరూ వెళ్లి వచ్చి, పని అయినవాళ్లలా చేపల కోసం కూర్చున్నారు.

అందరూ దిగాక గున్‌వోర్ ఏప్రాన్ విప్పి కుర్చీకి వేసింది. ఒక్కతే పైకి వెళ్లింది. ఆమె కిందికి వచ్చేదాకా ఎవరూ చేపలు ముట్టుకోలేదు. కెప్టెన్ ముట్టుకోబోయాడు, తుర్‌గైర్ చేతి మీద కొట్టాడు.

ఏడో గది మూసే ఉంచాను, వాళ్లని అడిగాను అని దిగి వచ్చి నాతో అంది. వాళ్లకి గాలి పొద్దున పెడతానంది.

నవంబర్ 14, శుక్రవారం

రెండు రాత్రుల సగటు ఇరవై మూడున్నర. ఇంకా ఎక్కువే. ఐదో గదిలో ఉదయం నాబ్ తిప్పడం మరిచి మధ్యాహ్నం గరిష్ఠానికి పెడుతున్నారు. భోజనాల దగ్గర ఈ మాట అన్నాను, పేరు చెప్పలేదు. అయినా కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి.

నవంబర్ 16, ఆదివారం

నాలుగు రాత్రుల సగటు ఇరవై ఒకటీ పాయింట్ ఆరు. మూడుసార్లు లెక్క చూశాను. తరువాత షూర్‌ను చూడమన్నాను. అతను చూసి, నేలమాళిగలోకి వెళ్లి పంపుకు చెప్పి వచ్చాడు.

గున్‌వోర్ అంకె విని తల ఊపింది. అయితే మే నెలకి నడక సంఘానికి దుప్పట్లు ఎండెయ్యాలి అంది.

నవంబర్ 17, సోమవారం, ఉదయం 9.10

మండలి ఫారంలో ఒక గడి మిగిలింది. వేడి నియంత్రణ పద్ధతి: ఆటోమేటిక్, చేత్తో, ఇతరం. ఇతరం అయితే వివరించాలి.

వివరించాను. "అతిథులందరూ. సూప్‌కూ చేపలకూ మధ్య."

పంపాను.