నా ముక్కు దక్కాలంటే నన్ను ఖైదు చేయించాలని మనవి

లండను నగరంలో నాటకశాలలపై అధికారం గల ప్రభువులవారి సముఖమునకు, రాజావారి నాటకశాలలో ముసలి వేషాలు వేసే ఉర్సులా ప్రౌట్ భయంతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: అర్జీదారును నేటి మధ్యాహ్నం ఆట మొదలయ్యేలోపు ఖైదు చేయించుట గురించి.

1. ఆడవాళ్ళను నాటకాలలోకి రానిచ్చిన ఏడాది నుంచి నేను ఈ కొలువులో ఉన్నాను. రాజావారి సేవకురాలినని ప్రమాణం చేసి, కొలువు గుర్తుగా ఇచ్చే ఎర్రబట్ట పుచ్చుకున్నదానను. తమరి ఉత్తరువు లేనిదే ఏ భటుడూ నన్ను పట్టుకోరాదు. ఇన్నాళ్ళూ అది నా అదృష్టమనుకున్నాను.

2. లెటిస్ హార్బీ, డోర్కస్ లేన్ అనే పిల్లలిద్దరూ మా శాలకు వచ్చిన కొత్తలో నోరు విప్పితే చేపల బజారు వినిపించేది. వారికి దొరసానుల్లా పలకడం, నవ్వడం, మూర్ఛపోవడం నేర్పింది నేనే. ముందు లేన్ మీద, తరువాత హార్బీ మీద రాజావారికి దయ కలిగింది. ఇప్పుడు ఇద్దరికీ చెరొక ఇల్లు, చెరొక బండి ఉన్నాయి. రాజావారు మాత్రం ఒక్కరే. చిక్కంతా అక్కడే వచ్చింది.

3. కొలువులోని గొప్పవారు తొడిగి విడిచిన బట్టలు మా శాలకు దానమిచ్చే ఆచారం తమరెరిగినదే. తానూ గొప్పదాన్నయ్యానని చాటుకోవడానికి లేన్ దొరసాని తన పచ్చ పట్టుగౌను మాకు పంపింది. అది ఆమె చేసిన పొరపాటు. ఇంకా మా శాలలోనే ఉండి పెత్తనం చేస్తున్న హార్బీ దాన్ని నా ఒళ్ళో పడేసింది.

"పిన్నీ, రేపటి గయ్యాళి వేషానికి ఇది తొడుక్కో. అచ్చం దానిలాగే నడువు, చాలు."

"వద్దమ్మా. ఆవిడ చూస్తే?"

"చూడాలనేగా నా ఏడుపు."

నేను కాదనలేకపోయాను. గౌను తొడగగానే కాళ్ళు వాటంతటవే ఊగుతూ నడిచాయి, ముక్కు దానంతటదే పైకి లేచింది. శాల దద్దరిల్లింది. రాజావారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఎదురుగా కూర్చున్న లేన్ నవ్వలేదు.

4. ఆట అయ్యాక లేన్ నా గదికి వచ్చింది.

"భలే చేశావు పిన్నీ. ఆ ముక్కు ఎగరెయ్యడం ఉంది చూశావూ, అది మరీ బాగుంది." వంగి నా ముక్కు మీద ముద్దు పెట్టింది. "జాగ్రత్తగా చూసుకో దాన్ని."

తిట్టి పోయినా ఇంత భయపడేదాన్ని కాదు. రాజావారి ఆడవాళ్ళ మీద ఏదో హాస్యమాడినందుకు ఒక పెద్దమనిషికి నడివీధిలో ముక్కు చీల్చిన సంగతి ఊరంతా ఎరుగును. ఆయన పెద్దమనిషి. నేనెంత?

5. నిన్నటి నుంచి మా ఎదుటి సారాకొట్టులో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు కత్తితో ఆల్చిప్పలు విప్పుకు తింటూ నా కిటికీ వంకే చూస్తున్నాడు.

6. ఇవాళ ఆ వేషం మాన్పించమని హార్బీ కాళ్ళు పట్టుకున్నాను.

"ఇవాళ రాజుగారు మళ్ళీ వస్తున్నారు పిన్నీ. వెయ్యకపోతే నీకీ శాలలో చోటుండదు."

"నా ముక్కు పోతే?"

"ముసలి వేషాలకి ముక్కుతో పనేముంది?"

నేను నేర్పిన నవ్వే నవ్వింది.

7. కావున, ఒక దొరసానిని నిండు సభలో వెక్కిరించిన నేరం ఒప్పుకుంటున్నాను. తమరి ఉత్తరువుతో నన్ను గట్టి తలుపున్న కొట్లో వేయించ ప్రార్థన. అక్కడ ఎలుకలుంటాయని విన్నాను. వాటిని నా మీదికి ఎవరూ పురమాయించరు గదా.

ఇంతే నా మొర. త్వరగా చిత్తగించవలెను.

ఖైదు కోరుతున్న తమ విధేయురాలు,
ఉర్సులా ప్రౌట్

తా.క. ఇది మడుస్తుండగా వాకిట్లో బండి ఆగింది. తలుపు తడుతున్నారు. "తలుపు తియ్యి పిన్నీ, నిన్ను తీసుకెళ్ళడానికి నేనే వచ్చాను" అంటోంది ఆడగొంతు. హార్బీ అయితే ఆటకు తీసుకుపోతుంది. లేన్ అయితే ఎక్కడికి తీసుకుపోతుందో రాయలేను. నారింజపండ్లు అమ్మే ముసలమ్మ పెరటి కిటికీ కింద ఉంది, ఈ కాగితం ఆమె బుట్టలో వేస్తున్నాను. ఆ కిటికీలో నేను పట్టను. అయ్యా, వచ్చింది ఇద్దరిలో ఎవరో గొంతుబట్టి పోల్చలేకపోతున్నాను. ఇద్దరికీ పలకడం నేర్పింది నేనే.