నాయన ఆదరణ కూడికలో

శనివారం, ధర్మవరం

తలుచుకుంటే ఇంకా రోత పుడుతోంది. అమ్మ అన్నం ముట్టలేదు.

నాయన పోయాక ఈరోజు ఇంటి ముందర ఆదరణ కూడిక పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం నాయన చాపలు పరిచిన మందిరం నుంచే పాస్టరయ్య వచ్చాడు. హిందూపురం నుంచి క్యాథలిక్ పెదనాయన వచ్చాడు. యేసు తన సంఘాన్ని కట్టిన బండ పేతురేనని పెదనాయన అన్నాడు. కాదు, పేతురు ఒప్పుకున్న విశ్వాసమే బండ అని పాస్టరయ్య లేచాడు. ఇక మైకు కోసం పెనుగులాట. షామియానా కింద జనం ముసిముసిగా నవ్వుకున్నారు. థూ!

నాయన ఫోటో పక్కన కూర్చున్న అమ్మే చివరికి నోరు విప్పింది.

"అయ్యగారూ, ఆ బండ సంగతి రేపు తేల్చుకోండి. ఈపొద్దు ఆయన పేరన్నా ఒకసారి చెప్పండి."

పాస్టరయ్య మైకును అరచేత్తో మూసి, నా వైపు వంగాడు.

"మీ నాయన పేరేమప్పా?"