కొత్త నూనె పోయవద్దు

తేదీ 9, బుధవారం. పొద్దుటి నుంచి ముసురు. రిపేరు షెడ్డు ముందు నిలిచిన నీళ్లు ఎత్తిపోశాను.

అక్కా, నేను కులాసా. ఆదివారం ట్రాక్టరుకు ఇంజనాయిలు మారుస్తానని రాశావు. నేను పంపిన నూనె డబ్బా మూత తీయకు. తప్పు నాదే.

నిన్న మన ట్రాక్టరు ఈడుదే, అంత చిన్నదే ఇంకొకటి, ఇంజను బిగుసుకుపోయి మా షెడ్డుకు వచ్చింది. "ఉన్నవాటిలో మంచిదే పోశానయ్యా!" అని ఆసామి మొత్తుకున్నాడు. "ముసలాయనకి జులాబు పట్టించావు, తట్టుకుంటాడా మరి?" అన్నాడు మా మేస్త్రీ. కొత్త రకం నూనెలో మురికిని కడిగే మందు కలుపుతారు. అది ఏళ్లనాటి మడ్డిని ఒక్కసారిగా ఊడదీసి నూనె దారి మూసేసింది. బేరింగులు మాడిపోయాయి. నేను పంపినదీ ఆ రకమే.

ఇన్నాళ్లూ పోసిన ముప్పై నంబరు నూనె, ఆ మందు లేనిది, అడిగి తీసుకో. పాతకాలపు సరుకని కొట్టువాడు నవ్వినా అక్కణ్ణుంచి కదలకు. విత్తడం ఆగకూడదు. పని అయ్యాక నేనే వచ్చి, ఇంజను కింద నూనె నిలిచే ఛాంబర్ దించి, మడ్డంతా గీకి, అప్పుడు కొత్తది పోస్తాను.

బావ నడుంనొప్పి తగ్గిందా? గొర్రు బాగుచేయించారా? మీ ఇద్దరికీ నమస్కారాలు, మేనకోడలికి ముద్దులు. శనివారానికల్లా ఈ కార్డు నీ చేతిలో ఉండాలి. అందుకే వీధి పోస్టు డబ్బాలో వేయకుండా, ఉత్తరాల సంచీ కట్టేలోపు వానలోనే తపాలా ఆఫీసుకు తీసుకెళ్తున్నాను.